మూడో బల్లలో పచ్చటోపీ

2019 మార్చి ఐదు, మంగళవారం. ఆ సాయంత్రం ఏం తిన్నావని ఎవరడిగినా ఆంబ్రోస్ తడుముకోకుండా చెప్పేస్తాడు. వెన్నలో కాల్చిన అట్లు, వాటి మీద నల్లటి బెల్లంపాకం, పక్కన వేయించిన సాసేజీలు. మర్నాటి నుంచి ఉపవాస దినాలు కాబట్టి ఇంట్లో ఉన్న వెన్నా గుడ్లూ ఆ పూటకే చెల్లిపోవాలి. ఐర్లండ్‌కి మహాసముద్రం ఇవతల, సెయింట్ జాన్స్ రేవుపట్నం కొండవీధిలో ఫిలో పిన్ని ఇంట్లో అది చట్టం.

ఆ చట్టానికి ఇంకో కొస కూడా ఉంది. అట్లపిండిలో ఒక ఉంగరం, ఒక బొత్తాం, ఒక నాణెం, ఒక మేకు కలిపేస్తారు. ఎవరి అట్టులో ఏది వస్తే వాళ్ల జాతకం అది. ఈ సంగతి మేడమీద గదిలో కొత్తగా అద్దెకు దిగిన ఐర్లండ్ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు.

"అమ్మో!" అంటూ ఆ అమ్మాయి బుగ్గ పట్టుకుంది. వేళ్లతో నోట్లోంచి ఏదో తీసి చూసుకుంది. "అట్టులో మేకుంది!"

బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఆంబ్రోస్.

"ఈ ఇంట్లో అద్దెకున్నవాళ్లని ఇలాగే ఖాళీ చేయిస్తారా?" అందామె అతని వైపు తిరిగి.

"మింగనందుకు సంతోషించు. పోయినేడు మా మేనమామ బొత్తాం మింగేశాడు. బొత్తాం వస్తే బ్రహ్మచర్యం. బొత్తాం ఆయన్ని వదిలింది కానీ, బ్రహ్మచర్యం వదల్లేదు."

"మరి మేకు వస్తే?"

"వడ్రంగి మొగుడొస్తాడు, బాతుపిల్లా" అంది ఫిలో పిన్ని, ఇంకో అట్టు వడ్డిస్తూ. ఆవిడ చిన్నా పెద్దా అందరినీ బాతుపిల్లా అనే పిలుస్తుంది.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా ఆంబ్రోస్ వైపు చూశారు. ఆ అమ్మాయి కూడా చూసింది. అతని జుట్టులో రంపపు పొట్టు ఇంకా అలాగే ఉంది.

"నువ్వేం చేస్తుంటావ్?" అని అడిగింది అనుమానంగా.

"కిటికీలు బాగుచేస్తుంటాను."

"అంటే?"

"అంటే... వడ్రంగినే."

ఈసారి నవ్వడం ఆమె వంతయింది. "నాకు పన్నునొప్పి చాలు. మొగుడొద్దు" అని మేకును సాసరు అంచున పెట్టింది. ఆ అమ్మాయి పేరు ఊనా. సముద్రపు పక్షుల మీద చదువుకోవడానికి వచ్చింది. ఇవన్నీ ఆ రాత్రే తెలిశాయి ఆంబ్రోస్‌కి. గిన్నెలు కడిగేటప్పుడు సాసరు అంచున మేకు లేదని కూడా తెలిసింది.

ఆ ఇంట్లో వైఫై వంటింట్లో తప్ప ఇంకెక్కడా సరిగ్గా అందదు. అందుకని ఆదివారం పొద్దున ఏడున్నరకల్లా ఊనా ల్యాప్‌టాప్ పట్టుకుని వంటింటి బల్ల దగ్గర చేరేది. అదే వంటింట్లో కిటికీ బిగుసుకుపోయిందనీ, దాన్ని బాగుచేయాలనీ ఆంబ్రోస్ కూడా ఆదివారాలే వచ్చేవాడు.

"గంట పనికి నెల పడుతోందేంరా? వడ్రంగివా, శిల్పివా?" అనేది పిన్ని.

"పాత చెక్క పిన్నీ. తొందరపెడితే చీలిపోతుంది."

"చెక్క సంగతి నాకు తెలీదు కానీ, నువ్వు మాత్రం చీలిపోయేట్టున్నావ్."

ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ ఒకటే బొమ్మ. ఒక చర్చి లోపలి భాగం. అది ఊనా వాళ్ల ఊరు, క్లేర్ జిల్లాలో సముద్రపుటొడ్డున ఉన్న కిల్‌బ్రాన్. మంచాన పడ్డవాళ్లు ఇంటి నుంచే పూజ చూసుకోవాలని చర్చిలో కెమెరా పెట్టారు. అది పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది. బోస్టన్‌లోనూ పెర్త్‌లోనూ దుబాయ్‌లోనూ ఉన్న ఆ ఊరి పిల్లలందరూ ఆదివారం వస్తే దానికే కళ్లప్పగిస్తారు. కెమెరాను వెనక గోడకి ఎత్తుగా బిగించారు. కనిపించేవన్నీ వీపులే.

"దీని బదులు ఫోన్ చేసుకోవచ్చుగా?" అన్నాడు ఆంబ్రోస్ మొదటి ఆదివారం.

"చేస్తాను. ఫోనెత్తగానే అమ్మ ఆ వారం పోయినవాళ్లందరినీ చెప్తుంది. 'పాట్ లూనీ గుర్తున్నాడా?' అంటుంది. లేడంటే, 'ఎందుకుండడూ, ఎర్ర ట్రాక్టరు' అంటుంది. అవునవును, గుర్తొచ్చాడు అనగానే, 'పోయాడు' అంటుంది."

"మరి మీ నానమ్మ?"

"మా నోరా నానమ్మకి ఫోనంటే నిప్పు. 'బాగున్నావా, తింటున్నావా, బిల్లు పెరిగిపోతోంది, దేవుడు చల్లగా చూస్తాడు, ఉంటా, ఉంటా, ఉంటా, ఉంటా.' అంతే, పెట్టేస్తుంది. ఇక్కడైతే గంటసేపు చూసుకోవచ్చు." ఊనా వేలితో చూపించింది. ఎడమవైపు మూడో బల్ల. దాని చివర పచ్చటి ఉన్నిటోపీ. "నాన్న ఏడాదిలో సగం పడవ మీద, అమ్మ ఆసుపత్రి డ్యూటీల్లో ఉండేవాళ్లు. నన్ను పెంచింది ఆ టోపీయే."

ఆ టోపీ ప్రసంగం మొదలవగానే మెల్లగా ఎడమపక్కకి వాలింది. నిద్ర. ప్రసంగం అయిపోగానే మళ్లీ నిటారుగా లేచింది. మోకాళ్లు సహకరించవు కాబట్టి సత్ప్రసాదం ఫాదరే బల్ల దగ్గరికి తెచ్చి ఇచ్చారు. పూజ అయ్యాక ఆవిడ అందరిలా వెనక్కి తిరిగి రాలేదు. తాతగారి సమాధి అటుపక్కే ఉందని ముందున్న పక్క తలుపులోంచి వెళ్లింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరగకుండానే గొడుగు పైకెత్తింది.

"అది నాకు" అంది ఊనా మెల్లగా. "కెమెరాకి ముఖం చూపిస్తే వేషాలేస్తోందనుకుంటారట. అందుకని గొడుగు."

ఆ గొడుగు దిగేదాకా ఆంబ్రోస్ కూడా ఊపిరి బిగబట్టి చూశాడు. ఎందుకో అతనికే తెలియలేదు.

తర్వాత అది అతనికి అలవాటైపోయింది. పిన్ని రొట్టెపిండితో వేయించిన టౌటన్ల మీద పాకం పోసుకుని, ఊనా పక్కన కూర్చుని, ఎన్నడూ చూడని ఊళ్లోవాళ్లందరినీ వీపులను బట్టి గుర్తుపట్టడం నేర్చుకున్నాడు.

"మెడ మీద మూడు మడతలాయన ఈ వారం రాలేదేం?"

"మాంసం కొట్టు జెర్రీనా? కూతురింటికి వెళ్లాడట. నాకంటే నీకే మా ఊరు బాగా తెలుసు."

"ముఖాలు తప్ప."

"అది అదృష్టం అనుకో. జెర్రీకి వీపే నయం."

పూజ అయ్యాక ఇద్దరూ రేవు దాకా నడిచేవారు. పొగమంచు దిగితే ఎదురుగా ఉన్న ఓడ కూడా కనిపించేది కాదు. వాన మొదలైతే అతను తన కోటు విప్పి ఇద్దరి తలల మీద పట్టేవాడు. ఆమె మాత్రం కోటు కిందనుంచి తల బయటికి పెట్టి, ఎగురుతున్న పక్షుల పేర్లు చెప్పేది. అతనికి పక్షులన్నీ ఒకేలా ఉండేవి. ఆమె జుట్టు మీద వానచినుకులు మాత్రం ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించేవి. చెప్పాలనుకున్న మాట నాలుక చివరికి వచ్చి, 'అదేం పక్షి?' అయిపోయేది.

ఈస్టర్ వెళ్లిన మరుసటి ఆదివారం ఊనా మొహం వెలిగిపోయింది.

"చూశావా! నానమ్మ ఈరోజు ప్రసంగం మొత్తం మేలుకునే ఉంది. ఒంట్లో బాగున్నట్టుంది."

ఆంబ్రోస్ నోట్లో పెట్టుకోబోతున్న టౌటన్ అలాగే ఆగిపోయింది. నోరా నానమ్మ ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్లు కిందికి ఉంటుంది. వంకర కిటికీ చట్రాన్ని చూసినట్టు అతను దాన్ని ఇన్ని వారాలుగా చూస్తున్నాడు. ఇవాళ ఆ కోటులో రెండు భుజాలూ మట్టం పెట్టి సరిచేసినట్టు సమంగా ఉన్నాయి. గొడుగు లేచింది. కుడిచేత్తో. నానమ్మ ఎత్తేది ఎడమచేత్తో.

"ఏంటలా చూస్తున్నావ్?"

"ఏం లేదు. పాకం ఎక్కువైంది."

ఊనా వచ్చే నెలలోనే తన పక్షుల పరిశోధన గురించి ప్రొఫెసర్ల ముందు మాట్లాడాలి. రాత్రీ పగలూ అదే ధ్యాస. చెబితే ఏం చెప్పాలి? మీ నానమ్మ టోపీలో ఇంకెవరో కూర్చున్నారనా? అది తన పొరపాటైతే? పొరపాటు కాకపోతే? వచ్చే వారం చూసి చెబుదాం అనుకున్నాడు. వచ్చే వారం కూడా భుజాలు సమంగానే ఉన్నాయి. ఊనా ఆ వారమంతా కూనిరాగాలు తీస్తూ తిరిగింది. ఆ రాగం ఆపే ధైర్యం అతనికి చాలలేదు.

ఆ పై ఆదివారం పక్క తలుపు దగ్గర గొడుగు ఎత్తబోయి పచ్చటోపీ దాన్ని జారవిడిచింది. జారవిడిచి, చటుక్కున వంగి, తీసుకుని, చకచకా వెళ్లిపోయింది.

వంటింట్లో కెటిల్ కూత పెట్టింది. ఎవరూ లేవలేదు.

"నానమ్మ ఏడేళ్లుగా వంగలేదు" అంది ఊనా. "అది నానమ్మ కాదు. అది... అది మా టెస్ అత్త."

ఆంబ్రోస్ తల వంచుకున్నాడు. ఊనా మెల్లగా అతని వైపు తిరిగింది.

"నువ్వు ఆశ్చర్యపోలేదేం?"

అతను పాకం గిన్నె మీద మూత పెట్టాడు.

"నీకు తెలుసు."

"అనుమానం వచ్చింది. భుజాలు చూసి. నీ ప్రసంగం అయ్యాక చెబుదామని..."

"ఎన్నాళ్ల నుంచి?"

"పోయిన వారం... దానికి ముందు వారం కూడా."

ఊనా ఫోన్ తీసి ఇంటికి చేసింది. అటువైపు వాళ్లమ్మ ఈసారి ఎవరి చావూ చెప్పలేదు. మొదట బుకాయించింది. తర్వాత ఏడ్చింది. ఈస్టర్ వారంలో నానమ్మ కోళ్లకి గింజలు వేయబోయి పెరటి గుమ్మంలో తడిసిన రాతిమెట్టు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఉంది. 'పిల్ల చదువు పాడుచేశారో, నేను మీతో మాట్లాడను' అని అందరిచేతా ఒట్టు వేయించుకుంది. ఆ టోపీ ఉపాయం కూడా ఆవిడదే. ఫాదర్‌కి తెలుసు. జెర్రీకి తెలుసు. చర్చి చూసుకునే డెన్నీకి తెలుసు. వీపు తిప్పి కూర్చున్న ఊరంతటికీ తెలుసు.

ఊనా ఫోన్ పెట్టేసింది.

"ఊనా, నేను నీ మంచికే..."

"వాళ్లూ నా మంచికే. కానీ వాళ్లు సముద్రానికి అవతల ఉండి దాచారు. నువ్వు నా పక్కన కూర్చుని, నా ప్లేట్లో తింటూ దాచావు." ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది. "నేను సంతోషపడుతుంటే చూస్తూ కూర్చున్నావు ఆంబ్రోస్. నన్ను చూస్తే నీకు జాలేసిందా?"

జాలి కాదు అని అతను చెప్పేలోపే మెట్లెక్కి వెళ్లిపోయింది. ప్రొఫెసర్లు మంచివాళ్లు. ఆమె ప్రసంగాన్ని సెప్టెంబరుకి వాయిదా వేశారు. మర్నాడు టాక్సీ వచ్చింది. ఆంబ్రోస్ పెట్టె అందుకోబోతే ఆమె తానే ఎత్తి డిక్కీలో పెట్టుకుంది.

"తిరిగి వస్తావా?" అన్నాడు.

"తెలీదు" అంది. టాక్సీ అద్దం మీద పొగమంచు. లోపల ఆమె ముఖం ఎటు తిరిగి ఉందో కూడా కనిపించలేదు.

అతను పంపిన మెసేజులన్నీ ఆమె చూసింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆదివారాలు మూడో బల్ల ఖాళీగా ఉండేది. టోపీ లేదు, టెస్ అత్త లేదు, ఊనా కూడా లేదు. పూజ ఉన్నా లేకపోయినా ఆంబ్రోస్ పిన్ని ల్యాప్‌టాప్‌లో ఆ చర్చిని చూస్తూనే ఉన్నాడు. పని నుంచి రాగానే తిన్నగా వంటింట్లోకి వచ్చేవాడు.

"కిటికీ బాగైపోయి రెండు వారాలైందిరా" అంది పిన్ని.

"తెలుసు."

ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఆ మాట తర్వాత ఇంకేమీ అనకుండా, అతని ముందు ఓ కప్పు టీ పెట్టి, ఉల్లిపాయలు తరగడానికి వెళ్లిపోయింది.

మే నెలాఖరు. ఇక్కడ అయిదున్నర, అక్కడ రాత్రి తొమ్మిది కావస్తోంది. కిల్‌బ్రాన్‌లో మే నెల జపమాల ముగిసి, జనం వెళ్లిపోయారు. కిటికీల రంగుటద్దాల్లోంచి ఇంకా కాస్త వెలుతురు వస్తోంది. డెన్నీ ఒంగుని కొవ్వొత్తుల చుక్కలు గోకుతున్నాడు. అప్పుడు మధ్య దారిలో ఒకమ్మాయి నడుచుకుంటూ వెళ్లింది.

వీపు చూడగానే ఆంబ్రోస్ లేచి నిలబడ్డాడు.

ఊనా ఒక కొవ్వొత్తి వెలిగించింది. మూడో బల్ల దగ్గర ఆగింది. తర్వాత, ఆ ఊళ్లో ఎవరూ చేయని పని చేసింది. వెనక్కి తిరిగి, కెమెరా వైపు సూటిగా చూసింది.

"నువ్వు చూస్తున్నావో లేదో తెలీదు" అంది. "వినపడదు కదా, అందుకే చెప్తున్నా. వినపడేదైతే చచ్చినా చెప్పను."

"పిన్నీ!" అని కేక పెట్టాడు ఆంబ్రోస్. "వినపడుతోంది!"

"నోర్మూసుకుని వినరా!" పిన్ని కత్తి పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

"ఆసుపత్రిలో నానమ్మ మొదటి మాట ఏమందో తెలుసా? 'ఎవరు పట్టుకున్నారే మమ్మల్ని?' అంది. నీ సంగతి చెప్పాను. భుజం వంకర చూసి పట్టుకున్నాడని చెప్పాను. నానమ్మ పకపకా నవ్వింది. తుంటి నొప్పి పుట్టి నర్సుని పిలవాల్సొచ్చింది. 'ఊళ్లో ఇంతమంది ఉన్నా, అరవై ఏళ్లలో నా భుజం సంగతి గమనించినవాడు మీ తాతొక్కడేనే' అంది. అప్పటి నుంచీ నీ మీద కోపంగా ఉండటం చాలా కష్టంగా ఉంది, ఆంబ్రోస్."

ఆమె జేబులోంచి ఏదో తీసి, రెండు వేళ్ల మధ్య పట్టి పైకెత్తింది. స్క్రీన్ మీద అది గీతంత కూడా లేదు. అయినా అదేమిటో అతనికి తెలుసు.

"మేకు నా దగ్గరే ఉంది. మొదటి రోజు నుంచీ. జాలి అన్నాను కదా... జాలి కాదని నాకు అప్పుడే తెలుసు. నువ్వు అవునంటావేమోనని భయమేసి పైకి వెళ్లిపోయాను. సెప్టెంబర్లో వస్తాను. నీకు ఇష్టమైతేనే... అంటే, నాకైతే చాలా..."

"ఊనా తల్లీ" అంది ఒక మగగొంతు కింద నుంచి. డెన్నీ కొవ్వొత్తుల దగ్గర నుంచి నడుం పట్టుకుని లేచాడు. "జపమాల అయ్యాక మైకు ఆపడం మర్చిపోయానమ్మా."

ఊనా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అదే క్షణంలో ఆమె ఫోన్ టింగుమంది. మళ్లీ టింగుమంది. ఆగకుండా మోగసాగింది.

"పెర్త్ నుంచి బావ" అంది వేళ్ల సందుల్లోంచి చూస్తూ. "అక్కడ తెల్లవారుజామున ఇతనికి చర్చి ఎందుకు? బోస్టన్ నుంచి జెర్రీ కూతురు. అయ్యో, అయ్యో..." ఇంతలో ఫోన్ గట్టిగా రింగయింది. "నానమ్మ!"

"ఎత్తమ్మా" అన్నాడు డెన్నీ. "ఆసుపత్రిలో మంచాన పడ్డవాళ్ల కోసమే కదా ఆ కెమెరా పెట్టింది."

ఊనా స్పీకరు నొక్కింది. ఖాళీ చర్చిలో నోరా నానమ్మ గొంతు గంటలా మోగింది. ఇన్ని వారాల్లో ఆ గొంతు వినడం ఆంబ్రోస్‌కి అదే మొదలు.

"ఒసేయ్, చర్చిలో అంత గట్టిగా మాట్లాడకూడదని నేర్పలేదటే నీకు? ఆ పిల్లాడు వింటున్నాడా?"

"తెలీదు నానమ్మా..."

"వింటూనే ఉంటాడు. ఇదిగో అబ్బాయ్! ఆ రాతిమెట్టు పక్కన రెయిలింగ్ లేదు. మా వాడు వేస్తా వేస్తా అంటూ పదేళ్లు గడిపాడు. నేను జూన్ చివర్లో ఇంటికొస్తాను. ఓక్ చెక్కతో వేస్తావా, ఇంకేదైనానా, అది నీ ఇష్టం. పక్క గది ఖాళీగానే ఉంది. మంచం చిన్నది, సర్దుకోవాలి. నీ రంపం నువ్వే తెచ్చుకో, మా ఇంట్లోది మొద్దు. బిల్లు పెరిగిపోతోంది. దేవుడు చల్లగా చూస్తాడు. ఉంటా, ఉంటా, ఉంటా, ఉంటా..."

ఫోన్ ఆగింది. ఊనా కన్నీళ్లతోనే నవ్వుతోంది. కెమెరా వైపు చూసి భుజాలెగరేసింది, విన్నావుగా అన్నట్టు. ఆంబ్రోస్ తన ఫోన్ మీద రెండే ముక్కలు కొట్టాడు. 'ఓక్ చెక్కే.' స్క్రీన్ మీద ఆమె ఫోన్ వెలగడం చూశాడు. చదవడం చూశాడు. ఆమె ఫోన్‌ను గుండెకి అదుముకుని, గోడకి ఆనించి ఉన్న ఎవరిదో గొడుగు అందుకుని, ఎడమచేత్తో పైకెత్తింది.

పక్కన పిన్ని ముక్కు చీదింది. "ఉల్లిపాయలు" అంది.

ఊనా వెళ్లిపోయాక డెన్నీ ఒక్కొక్క దీపమే ఆర్పుకుంటూ వచ్చాడు. చివరగా పెద్దతలుపు దగ్గర ఆగి, టోపీ తీసి, కెమెరా వైపు తలెత్తాడు.

"రాత్రి తొమ్మిదింటికి మూసేస్తాం నాయనా" అన్నాడు. "పొద్దున ఎనిమిదింటికల్లా తీస్తాం. వచ్చేవాళ్లు రావచ్చు."

ఆ తర్వాత, పడుకున్న పసిపిల్లలెవరో లేస్తారేమో అన్నంత మెల్లగా, తలుపు దగ్గరికి వేశాడు.